బరువొకరిది, తిండొకరిది

తెల్లవారకముందే శ్రీకృష్ణదేవరాయలు చేసే కసరత్తును, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ రాసిపెట్టాడు. రాయలు ముందు ముక్కాలు పింటు నువ్వులనూనె తాగుతాడు. ఒంటికీ అదే నూనె పట్టిస్తాడు. గోచీ బిగించి, మట్టితో చేసిన పెద్ద పెద్ద బరువులు చేతులతో ఎత్తుతాడు. తర్వాత కత్తి పట్టి, తాగిన నూనె అంతా చెమటగా కారిపోయేదాకా సాము చేస్తాడు. మల్లుడొకడితో కుస్తీ పడతాడు. ఆపైన గుర్రమెక్కి తెల్లవారేదాకా దౌడు తీయిస్తాడు.

ముక్కాలు పింటు అంటే మన లెక్కలో 400 మిల్లీలీటర్లు దాటుతుంది. అంత నూనెలో 3,000 కేలరీలకు పైనే ఉంటాయి. రోజూ అంత తాగి అరిగించుకోవడం ఎవరికైనా కష్టం. తాగిన నూనె చెమటగా బయటికి వస్తుందనేది ఆనాటి నమ్మకం. కానీ ఆ వర్ణనలోని క్రమం మాత్రం గట్టిది: ఒంటికి ఇంధనం, దాని వెనక బరువు, ఆ వెనక కుస్తీ. ఐదు వందల ఏళ్లు గడిచినా కండ పెంచే పద్ధతిలో మూలసూత్రం మారలేదు. ఆ ఇంధనం విలువ కోటల్లోనూ కనపడుతుంది. రాయల దళవాయుల్లో పేరుమోసిన పెమ్మసాని రామలింగనాయుడిది గండికోట. పెన్నా కోసుకుపోయిన లోయ అంచున ఉన్న ఆ కోటలో మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు ఎంత పేరున్నవో, కమాను కప్పుతో కట్టిన ధాన్యాగారమూ అంత పేరున్నదే. కొండమీద వరి, చిరుధాన్యాలు సాగయ్యేవని 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలవడానికి వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే రాశాడు. తిండిగింజలు దాచుకోలేని కోట ముట్టడిని తట్టుకోలేదని కోట కట్టినవాళ్లకు తెలుసు.

ఇంకా వెనక్కి వెళ్తే మరింత వివరమైన సాక్ష్యం దొరుకుతుంది. గండికోటలో తొలి కోటను 1123లో కల్యాణి చాళుక్యుల సామంతుడు కట్టించాడని స్థానిక చరిత్ర చెబుతుంది. ఆ తర్వాత కొన్నేళ్లకే చాళుక్యరాజు మూడో సోమేశ్వరుడు మానసోల్లాసం అనే సంస్కృత గ్రంథం తయారు చేశాడు. అందులో మల్లుల వినోదం గురించి ఒక భాగం ఉంది. వయసునూ ఒడ్డూపొడుగునూ బట్టి మల్లులను తరగతులుగా విడదీయడం, వాళ్లకు బరువులెత్తే శ్రమ, నడక, ఈత, స్తంభం మీద కసరత్తు నియమించడం, శనగలు, మాంసం, పాలు, పెరుగు పెట్టించడం అన్నీ చెప్పాడు. బరువు మోయించడం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు; ఎవరికి ఎంత, ఏం పెట్టాలి అని కూడా రాజే పట్టించుకున్నాడు. శనగ ఇప్పటికీ గండికోటకు దగ్గరి జమ్మలమడుగు చుట్టుపక్కల నల్లరేగళ్లలో విరివిగా పండుతుంది.

ఇప్పుడు అదే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, కర్నూలు వీధుల్లో జిమ్ములు వెలిశాయి. కుర్రాళ్లు అడిగే ప్రశ్న ఒకటే: కండ ఎట్లా పెరుగుతుంది? దీనికి జవాబు చెప్పే శాస్త్రం గత ముప్పై ఏళ్లలో చాలా స్పష్టపడింది. ఆ జవాబును మన రాయలసీమ నేల మీద పెట్టి చూస్తే ఒక బాధాకరమైన సంగతి బయటపడుతుంది. కండకు కావలసినవి రెండు, పెరుగుతూ పోయే బరువు, చాలినంత తిండి. రెండూ ఇక్కడ ఉన్నాయి. అయితే ఒకే ఇంట్లో లేవు. బండలు మోసేవాడి కంచంలో తిండి చాలదు. కంచం నిండుగా ఉన్నవాడి భుజాన బరువు లేదు.

ముందు బరువు సంగతి. 1945లో అమెరికా సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్, గాయపడి కండ కరిగిపోయిన సైనికులకు తాను చేస్తున్న కొత్త తరహా చికిత్సను ప్రకటించాడు. రోగి సరిగ్గా పదిసార్లు మాత్రమే ఎత్తగల బరువెంతో కనుక్కుంటాడు. దానితో కసరత్తు చేయిస్తాడు. వారం తిరిగేసరికి మళ్లీ కొలుస్తాడు, బరువు పెంచుతాడు. అంతకుముందు తేలికపాటి కదలికలు వందలసార్లు చేయించేవాళ్లు. దాంతో ఓపిక వచ్చేది కానీ కండ తిరిగి వచ్చేది కాదు. బరువుతో కండ నారలు బిగుసుకున్నప్పుడు ఆ బిగువే లోపలి కణాలకు కబురు పంపుతుంది. ఆ కబురుతో ఒకటి రెండు రోజులపాటు కండలో కొత్త ప్రొటీను తయారీ మామూలుకన్నా ఎక్కువగా సాగుతుంది. ఆ ఒకటి రెండు రోజుల్లో తిండీ నిద్రా అందితే కండ నిలుస్తుంది, అందకపోతే శ్రమ మాత్రమే మిగులుతుంది.

మొదటి నెలలో బరువు ఎక్కువ ఎత్తగలిగినా అద్దంలో తేడా కనపడదు. అప్పుడు పెరిగేది ఎక్కువగా కండ కాదు, కండను వాడుకునే నరాల నేర్పు. చాలామంది కుర్రాళ్లు ఇక్కడే నిరాశపడి మానేస్తారు, లేదా ఎవరో చెప్పిన ప్రొటీను పొడి డబ్బా కొంటారు. ఇంకో నిజం కూడా ముందే తెలిస్తే మేలు. 2005లో 585 మందితో 12 వారాలు చేయి కసరత్తు ఒకే తీరుగా చేయించి కొలిచారు. ఒకరికి కండ 59 శాతం పెరిగింది. ఇంకొకరికి 2 శాతం తగ్గింది. మిగతా అందరూ ఈ రెండు కొసల మధ్య ఉన్నారు. పక్కవాడితో పోల్చుకుని కుంగిపోయే కుర్రాడికి ఈ ఒక్క లెక్క చెప్పినా చాలు.

ఎంత బరువు ఎత్తాలన్నదాని మీద ఇదివరకు పెద్ద వాదాలు నడిచేవి. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2012లో చేసిన ప్రయోగం ఆ వేడిని చల్లార్చింది. ఒక కాలితో ఎత్తగలిగిన దాంట్లో 80 శాతం బరువు, ఇంకో కాలితో 30 శాతం బరువు, రెండూ ఇక ఎత్తలేననేదాకా ఎత్తించారు. పది వారాల తర్వాత కండ పెరుగుదల దాదాపు సమానం. బలం మాత్రం పెద్ద బరువుకే ఎక్కువ వచ్చింది. ఆ తర్వాత అమెరికా పరిశోధకుడు బ్రాడ్ షోన్‌ఫెల్డ్ బృందం పాత ప్రయోగాలన్నీ కలిపి చూసి, ఒక్కో కండకు వారంలో పది సెట్లు (ఆపకుండా ఒక విడతలో చేసేది ఒక సెట్టు), అంతకుమించి చేసినవాళ్లకు ఎక్కువ ఫలితం ఉందని తేల్చింది. ఈ రెండూ కలిపితే పేదవాడికి మంచి వార్తే. ఖరీదైన యంత్రాలు లేకపోయినా, ఇసుక మూట అయినా, గుండు రాయి అయినా, దండీలూ బస్కీలూ అయినా, ఇక చాలు అనిపించే దగ్గరిదాకా చేస్తే కండ స్పందిస్తుంది. కాకపోతే వారం వారం కొంచెం కష్టం పెరగాలి.

ఈ కొంచెం కొంచెం పెంచడం సీమ రైతుకు కొత్త కాదు. కర్నూలు, కడప పల్లెల్లో తిరునాళ్లకు బండలాగుడు పోటీలు జరుగుతాయి. పోటీ ఎడ్లను తయారుచేసే రైతు పని దగ్గరగా చూస్తే ఒక శిక్షణాలయమే కనపడుతుంది. కోడెల పళ్లు చూసి పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని విభాగాలు చేస్తారు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. పాలపళ్ల కోడెకు సీనియర్ బండ కట్టేవాడు ఊళ్లో ఎవడూ ఉండడు. మొదట తేలిక బండ, కాస్త దూరం. కాళ్లు కుదురుకున్నాక బండ మార్చడం. గట్టిగా లాగిన మర్నాడు విడుపు. ఉడకబెట్టిన ఉలవలు రోజూ కొలిచి పెడతారు. పోటీ ముందు వారం జత అలసిపోకుండా చూస్తారు. నిర్ణీత నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో కొలిచి గెలుపు తేలుస్తారు. వయసు, బరువు, మేత, విశ్రాంతి, కొలత అన్నీ ఇందులో ఉన్నాయి. అదే ఇంటి కుర్రాడు జిమ్ముకు పోయి మొదటి రోజే పక్కవాడి బరువు ఎత్తబోయి నడుము పట్టించుకుంటాడు. కోడెకు పెట్టిన శ్రద్ధ కొడుక్కి పెట్టకపోవడం నాకు మింగుడుపడదు.

పాత ఊళ్లలో మనుషులకూ ఇలాంటి ఏర్పాటు ఉండేది. తాలింఖానాల్లో ఉస్తాదులు దండీలు, బస్కీలు, కర్రసాము నేర్పేవాళ్లు. రచ్చకట్ట దగ్గర గుండు పడి ఉండేది. పండగ రోజు దాన్ని భుజానికెత్తినవాడికి ఊళ్లో గౌరవం. చిన్న గుండు ఎత్తాకే పెద్ద గుండు జోలికి పోయేవాళ్లు.

మరి రోజంతా బరువు మోసే మనిషికి కండ ఎందుకు పెరగదు? ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతంలో నాపరాయి క్వారీలున్నాయి. బేతంచెర్లలోనూ అంతే. కడప బండలని దేశమంతా పేరున్న రాయి ఇది. బండను ఇద్దరు చెరో అంచు పట్టి లేపి, తొడకు ఆనించి, లారీ మీదికి చేరవేస్తారు. వాళ్ల ముంజేతులు, వీపు ఇనుములా ఉంటాయి. కానీ మనిషి బక్కగానే ఉంటాడు. దీనికి కారణాలు తెలిసినవే. మొదటి ఏడాది ఒళ్లు ఆ బరువుకు అలవాటు పడుతుంది. ఆ తర్వాత పదేళ్లయినా బండ బరువు అదే. కొత్త కబురు కండకు అందదు. పైగా ఒకే కదలిక గంటల తరబడి సాగుతుంది, కాబట్టి ఒళ్లు ఓర్పు నేర్చుకుంటుంది కానీ పరిమాణం పెంచుకోదు. మధ్యలో విడుపు లేదు. ఎండలో చెమటతో నీరూ ఉప్పూ పోతాయి. నడుమూ మోకాళ్లూ అరిగిపోతాయి. అన్నిటికన్నా ముఖ్యమైనది తిండి.

జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. ఆ సంస్థ 2020లో సవరించిన లెక్క ప్రకారం 65 కిలోల మగమనిషికి కూర్చుని చేసే పనయితే రోజుకు 2,110 కేలరీలు చాలు, బరువు పనయితే 3,470 కావాలి. తేడా 1,360 కేలరీలు. అంటే మామూలు భోజనం మీద దాదాపు 400 గ్రాముల బియ్యం అదనం. ఆ అదనం పడని రోజున ఏమవుతుందో ఆ సంస్థకు చాలాకాలం నాయకత్వం వహించిన డాక్టర్ సి. గోపాలన్ 1960ల నుంచీ చెబుతూ వచ్చారు. మన పేదల తిండిలో మొదటి లోటు ప్రొటీనుది కాదు, కేలరీలదే. కేలరీలు చాలనప్పుడు తిన్న పప్పును కూడా ఒళ్లు ఇంధనంగా కాల్చేస్తుంది, కండకు మిగలదు. ప్రపంచమంతా ప్రొటీను పొడుల మీద పడి ఉన్న ఆ రోజుల్లో ఈ మాట చెప్పడానికి ధైర్యం కావాలి. ఇప్పటి కుర్రాళ్లకూ అదే వర్తిస్తుంది. సన్నగా ఉన్న కుర్రాడు ప్రొటీను గురించి అడిగేముందు, రోజుకు తను ఖర్చు పెట్టేదానికన్నా 300 నుంచి 500 కేలరీలు ఎక్కువ తింటున్నాడో లేదో చూసుకోవాలి. లావుగా ఉన్నవాడికి ఈ అదనం అక్కర్లేదు. దాచుకున్న కొవ్వే ఇంధనం ఇస్తుంది.

ఇక ప్రొటీను. అదే సంస్థ ఆరోగ్యవంతుడికి కిలో ఒంటి బరువుకు రోజుకు 0.83 గ్రాములు చాలంటుంది. ఇది లోటు లేకుండా బతకడానికి. బరువులెత్తి కండ పెంచుకోవడానికి ఎంత కావాలో 2018లో రాబర్ట్ మోర్టన్ తదితరులు 49 ప్రయోగాలు, 1,863 మంది వివరాలు కలిపి లెక్కగట్టారు. సుమారు 1.6 గ్రాముల దగ్గర లాభం ఆగిపోయింది. ఇంకో విషయం నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. అదనపు ప్రొటీను తీసుకున్నవాళ్లకు, తీసుకోకుండా అదే కసరత్తు చేసినవాళ్లకన్నా పెరిగిన కొవ్వులేని బరువు సగటున 0.3 కిలో మాత్రమే. కండలో సింహభాగం కసరత్తుదే. 2024 మే నెలలో వచ్చిన భారతీయ ఆహార మార్గదర్శకాలు కూడా కండ కోసం ప్రొటీను పొడుల జోలికి పోవద్దని రాశాయి.

ఈ లెక్కను ఒక సీమ కంచంలో పెట్టి చూద్దాం. 60 కిలోల కుర్రాడనుకుందాం. అతనికి కావలసింది 96 గ్రాములు. రోజుకు 400 గ్రాముల ధాన్యం, అన్నమూ రాగిసంగటీ కలిపి, అంటే 30 గ్రాముల ప్రొటీను. చెనిక్కాయల ఊరుబిండి రూపంలో 30 గ్రాముల చెనిక్కాయలు, 7 గ్రాములు. పప్పు పిడికెడు, 7 గ్రాములు. మొత్తం 44. ఇంట్లో అందరూ తినే తిండి ఇదే, మాంసం ఆదివారమో పండక్కో. ఇప్పుడు దీనికి కలపాల్సినవి: పొద్దున 50 గ్రాముల ఉలవలు గుగ్గిళ్లు చేసుకుంటే 11 గ్రాములు, సాయంత్రం నానబెట్టిన బుడ్డశెనగలు 50 గ్రాములు తింటే 9, రెండు గుడ్లు 13, అర లీటరు గేదెపాలు పాలుగానో పెరుగుగానో పోతే 18. కలిపితే 95. డబ్బా లేదు, విమానంలో వచ్చిన సరుకు లేదు. ఉలవలు, శనగలు చుట్టుపక్కల చేలల్లో పండినవే. అంతా ఒక్క పూటలో కుక్కుకోకుండా మూడు నాలుగు పూటలకు పంచుకోవాలి. మొదటి వారం కడుపు ఉబ్బరిస్తుంది కాబట్టి గుగ్గిళ్లు కొద్దికొద్దిగా పెంచుకోవాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు డాక్టరును అడగకుండా ఈ లెక్క జోలికి పోకూడదు.

సంగటి మీద మనకున్న ప్రేమ దృష్ట్యా ఒక మాట సూటిగా చెప్పాలి. రాగిలో ప్రొటీను వంద గ్రాములకు 7 గ్రాములే, బియ్యం కన్నా ఒక పిసరు తక్కువ. జొన్నలో 10, సజ్జలో 11 దాకా ఉంటుంది. సంగటి తిన్నవాడు గట్టివాడనే మాట వెనక ఉన్నది రాగి ఒక్కటే కాదు, ఆ ముద్ద పక్కన పడిన పప్పు, ఊరుబిండి, నాటుకోడి పులుసు, ఆ మనిషి చేసిన పని. రాగి గొప్ప కాల్షియంలో ఉంది. వంద గ్రాములకు 360 మిల్లీగ్రాములు దాటుతుంది. ఎముకకు అది చాలా విలువైనది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక పల్లెల్లో జొన్న, కొర్ర, సజ్జ కంచంలోంచి తగ్గుతూ పోయాయి. ఆ పథకం ఎన్నో కడుపులు నింపింది, దాన్ని తప్పుపట్టలేం. కాకపోతే బియ్యంతోపాటు పప్పు కూడా అదే ధరలో వచ్చి ఉంటే ఈ వ్యాసంలో సగం అవసరం ఉండేది కాదు.

జొన్న కథ ఇంకా ఆసక్తికరం. కండ నిర్మాణాన్ని రాజేసే అమైనో ఆమ్లంగా ల్యూసిన్‌కు ఇప్పుడు పెద్ద పేరు. జిమ్ముల్లో దాన్ని పొడి చేసి అమ్ముతున్నారు. జొన్నలో ల్యూసిన్ పుష్కలం. 1960లో గోపాలన్, శ్రీకంటియా దక్కను జొన్నతినేవాళ్లలో కనపడిన పెల్లాగ్రా జబ్బుకు ఈ ల్యూసిన్ ఎక్కువ కావడమే కారణమని ప్రతిపాదించారు. ఆ ప్రతిపాదన మీద తర్వాత చాలా వాదోపవాదాలు జరిగాయి. అందులోంచి మనకు పనికొచ్చేది ఏమిటంటే, ఏ ఒక్క అమైనో ఆమ్లాన్నో విడదీసి మింగితే కండ రాదు. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, పప్పుల్లో అది ఎక్కువ. రెండూ కలిసిన కంచంలో ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. మాంసం తినకుండా కండ రాదనే వాదానికి 2021లో బ్రెజిల్ పరిశోధకులు మంచి జవాబిచ్చారు. మాంసాహారులకూ, పాలు కూడా ముట్టని శాకాహారులకూ కిలోకు 1.6 గ్రాముల ప్రొటీను అందేలా చూసి 12 వారాలు కసరత్తు చేయించారు. శాకాహారులకు లోటును సోయా పొడితో పూడ్చారు. ఇద్దరికీ కండ ఒకే తీరుగా పెరిగింది. వీరఘట్టం నుంచి వచ్చి గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న కోడి రామమూర్తినాయుడు శాకాహారి. వందేళ్ల కిందటే తెలుగువాళ్ల కళ్లముందు ఈ సంగతి రుజువైంది.

పొడుల మీద ఎక్కువ రాయడం అనవసరం. 2024లో కేరళ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం మన మార్కెట్లో దొరికే 36 రకాల ప్రొటీను పొడులను పరీక్షిస్తే, దాదాపు 70 శాతంలో డబ్బా మీద రాసినదానికీ లోపల ఉన్నదానికీ పొంతన లేదు. కొన్నిటిలో అఫ్లటాక్సిన్ అనే బూజు విషం కూడా దొరికింది. చెనిక్కాయల రైతుకు ఈ విషం పేరు బాగా తెలుసు. తేమ తగిలిన కాయకు పట్టి పంటను ధర లేకుండా చేసేది అదే. క్రియాటిన్ మాత్రం వేరు. రోజుకు 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే బలానికి కొంత ఊతమిస్తుందని గట్టి ఆధారాలున్నాయి. అయినా అది అవసరం కాదు, తోడు మాత్రమే. ఇంజెక్షన్ల సంగతి వేరు. స్టెరాయిడ్లతో కండ వస్తుంది, నిజమే. దాంతోపాటు వృషణాలు చిన్నబోవడం, గుండె కండరం మందమవడం, కాలేయం దెబ్బతినడం, మనసు అదుపు తప్పడం కూడా వస్తాయి. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందును, ఇరవై ఏళ్లు నిండని పిల్లవాడికి అమ్మేవాళ్లు నేరం చేస్తున్నారు. తల్లిదండ్రులు కొడుకు ముఖం మీద ఒక్కసారిగా లేచిన మొటిమలను, మూడు నెలల్లో పెరిగిన పది కిలోలను చూసి మురిసిపోకుండా అనుమానించాలి.

సీమ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటి నెలల తరబడి ఉంటుంది. మధ్యాహ్నం రేకుల షెడ్డులో కసరత్తు చేస్తే వడదెబ్బే. తెల్లవారుజామున, లేదా పొద్దు వాలాక చేయాలి. ముందూ వెనకా ఉప్పేసిన మజ్జిగో అంబలో తాగాలి. నిద్ర ఏడు గంటలకన్నా తగ్గితే ఎంత తిన్నా ఫలితం మందగిస్తుంది.

ఈ చర్చ అంతా కుర్రాళ్ల గురించే అనుకుంటే పొరపాటు. మన దేశానికి ఒలింపిక్స్‌లో పతకం తెచ్చిన మొదటి మహిళ బరువులెత్తే మనిషే. 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 69 కిలోల విభాగంలో కరణం మల్లీశ్వరి 110, 130 కలిపి 240 కిలోలెత్తి కాంస్యం గెలిచింది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట పిల్ల ఆమె. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా ఆడపిల్ల బరువెత్తితే మగరాయుడవుతుందనే మాట వినిపిస్తూనే ఉంది. ఆడవాళ్ల ఒంట్లో టెస్టోస్టిరాన్ మగవాళ్లలో ఉన్నదాంట్లో చిన్న వంతు మాత్రమే కాబట్టి అట్లాంటి భయం అక్కర్లేదు. వాళ్లకు ముందు తీర్చాల్సింది రక్తహీనత. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తం తక్కువ. రక్తం లేని ఒళ్లు బరువెత్తలేదు. ఇంట్లో గుడ్డు ముందు కొడుక్కి, తర్వాత మొగుడికి, మిగిలితే తల్లికి అనే వరస మారకుండా ఆడవాళ్ల కండ గురించి మాట్లాడటం దండగ.

ముసలివాళ్ల సంగతి ఇంకా తొందరగా పట్టించుకోవాల్సింది. 1990లో వైద్యురాలు మరియా ఫియాటరోన్ బోస్టన్‌లో సగటున 90 ఏళ్లున్న పదిమందితో ఎనిమిది వారాలు కాళ్లకు గట్టి బరువులు ఎత్తించింది. వాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది, తొడ కండ 9 శాతం పెరిగింది. తొంభై ఏళ్లకు కండ వస్తే అరవై ఏళ్ల అవ్వకు ఎందుకు రాదు? ఆ అవ్వ కుర్చీలోంచి చేతులు ఆన్చకుండా లేచి, కూర్చుని, మళ్లీ లేచే కసరత్తుతో మొదలుపెట్టవచ్చు. చక్కెర జబ్బు వాళ్లకూ ఇదే మందు. తిన్న చక్కెరలో పెద్ద భాగాన్ని సర్దుకునేది కండే. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్నిక్ 2004లో చూపించినట్టు మన ఒళ్లు పైకి సన్నగా కనపడినా లోపల కొవ్వు ఎక్కువ, కండ తక్కువ.

కండ తల్లి కడుపులోనే రాసిపెట్టి ఉంటుందా అనే ప్రశ్నకు హైదరాబాదు దగ్గరి పల్లెల్లో కొంత జవాబు దొరికింది. 1987 నుంచి 1990 దాకా కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనంగా తిండి పెట్టారు. ఆ పిల్లలు ఇరవై ఏళ్ల వాళ్లయ్యాక పోషకాహార సంస్థ శాస్త్రవేత్త భారతి కులకర్ణి తదితరులు కొలిచి చూస్తే, ఆ తిండి తిన్న ఊళ్లవాళ్లకూ తినని ఊళ్లవాళ్లకూ కండలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇప్పుడు ఏం తింటున్నారు, ఎంత ఒళ్లు వంచుతున్నారు అన్నవాటికే కండతో ఎక్కువ సంబంధం కనపడింది. పేదింట్లో పుట్టినవాడికి ఇంతకన్నా ఆశ ఇచ్చే మాట ఉండదు.

ఇక చేయాల్సినదేమిటి? ఆంధ్రప్రదేశ్ సర్కారు బడుల్లో పిల్లలకు వారానికి ఐదు గుడ్లు, చెనిక్కాయల చిక్కీ, 2023 నుంచి రాగిజావ పెడుతున్నారు. 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం సర్కారు జూనియర్ కాలేజీలకూ వచ్చింది. పదహారు, పదిహేడేళ్ల వయసులోనే కుర్రాళ్లు జిమ్ముల వైపు చూస్తారు. అంటే తిండి వైపు నుంచి సగం దూరం నడిచేశాం. బరువు వైపు మాత్రం ఒక్క అడుగూ పడలేదు. జమ్మలమడుగు లాంటి ఊరి జూనియర్ కాలేజీకి ఒక ఇనుప కడ్డీ, వంద కిలోల బిళ్లలు, కింద పరచడానికి రబ్బరు చాప కొనడానికి ఒక మోటారు సైకిలు ఖరీదు కూడా కాదు. నడుము వంగకుండా బరువెత్తడం, పుస్తకంలో వారం వారం లెక్క రాసుకోవడం నేర్పే వ్యాయామ ఉపాధ్యాయుడు ఒకరు కావాలి. ఆ గదిని సాయంత్రం ఐదున్నర నుంచి ఊళ్లో పెద్దవాళ్లకూ, ఆదివారం పొద్దున ఆడవాళ్లకూ తెరవవచ్చు. క్వారీ కూలీల విషయంలో అడగాల్సింది ఇంకొకటి: ఒక బండను ఇద్దరు మోసేచోట నలుగురిని పెట్టడం, బరువు తగ్గించే చిన్న బండ్లు ఇవ్వడం, మధ్యాహ్నం పని దగ్గరే ఉలవలో గుడ్లో ఉన్న భోజనం పెట్టడం. యజమాని ఇవ్వకపోతే కార్మిక శాఖ ఇప్పించాలి.